పదకొండో మెట్టు

పని చేసిన ప్రెస్సు మూతపడి నాలుగేళ్ళయినా వీధిలో అందరూ ఆవిణ్ణి ఇంకా ప్రూఫులావిడ అనే పిలుస్తారు. ఇరవై నాలుగేళ్ళపాటు ఎర్ర పెన్ను పట్టుకుని పాఠ్యపుస్తకాల దగ్గర్నుంచి మందుల కరపత్రాల దాకా దిద్దిన మనిషి. ఒత్తు తగ్గినా దీర్ఘం పెరిగినా ఆవిడకు కంట్లో నలుసు పడ్డట్టే. కూరల కొట్టు బోర్డు మీద ‘తాజ కూరగాయలు’ అని ఉంటే, సంచీలోంచి సుద్దముక్క తీసి దీర్ఘమిచ్చి మరీ లోపలికి వెళ్ళింది. కొట్టతను మొదట మొహం మాడ్చుకున్నాడు గానీ, తర్వాత కొత్త బోర్డు రాయించే ముందు ఆవిడకే చూపించడం మొదలుపెట్టాడు.

ప్రెస్సు పోయాక కొన్నాళ్ళు ఆవిడకు చేతులు కట్టేసినట్టుండేది. భర్త బస్సు డిపోలో మెకానిక్. ఇంజను విప్పమంటే కళ్ళు మూసుకుని విప్పుతాడు కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే బిక్కమొహం వేస్తాడు. సెలవు చీటీని ఈమెయిల్‌కి జతచేసి పంపడం ఎలాగో మూడుసార్లు చెప్పించుకుని మూడుసార్లూ మర్చిపోయాడు. నాలుగోసారి ఆవిడకు ఒళ్ళు మండింది. నోటితో చెప్పడం మానేసి, తెర మీద కనిపించేదాన్ని అడుగడుగునా స్క్రీన్‌షాట్ తీసింది. ఎక్కడ నొక్కాలో అక్కడ ఎర్ర బాణం గీసి, పక్కన అంకె వేసి, కింద ఒక్క వాక్యం రాసింది. ఏడు బొమ్మలు. అచ్చుతీసి ఫ్రిజ్ పక్కన అతికించింది.

ఆయన మొదటి ప్రయత్నంలోనే చీటీ పంపేసి, ఆకాశంలోకి రాకెట్టు పంపినంత గొప్పగా డిపో అంతా చాటుకున్నాడు. డిపోలో వాళ్ళు ఆ కాగితం మాక్కావాలంటే మాక్కావాలన్నారు. అందరికీ అచ్చుతీసి ఇవ్వలేక ఆవిడ దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది. ‘మెట్టు మెట్టుగా’ అనే సైటు అలా పుట్టింది. ఇప్పుడందులో అరవై మూడు పాఠాలున్నాయి. ఫొటో సైజు తగ్గించడం, పరీక్ష ఫీజు కట్టడం, పోయిన పాస్‌వర్డ్ తిరిగి తెచ్చుకోవడం, అన్నీ బొమ్మలతోనే.

ఆ పాఠాలకు ఆవిడ పెట్టుకున్న పద్ధతి ప్రెస్సు పద్ధతే. ఒక బొమ్మలో ఒక్క పనే ఉండాలి. బటన్ మీద ఏ మాట ఉంటే ఆ మాటే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, తన చేత్తో చేసి చూడనిది రాయకూడదు. ఈ చివరి విషయంలో ఆవిడ ఎంత మొండి అంటే, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం ఎలా తీయాలో రాయడానికి కావాలని మూడు కాగితాలు ఇరికించింది.

ఆవిడ చెల్లెలి భర్త మాత్రం ఈ బొమ్మల వ్యవహారం చూసి నవ్వేవాడు. అతనిది సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణం. తీరిక దొరికితే వీడియో పాఠాలు చేస్తాడు. మొదటి రెండు నిమిషాలూ చెవులు చిల్లులు పడే సంగీతం, ఆ తర్వాత ‘మిత్రులారా’ అంటూ పలకరింపు, ఆనక బాణం గుర్తు తెర మీద ఎటు పరుగెత్తిందో కనిపెట్టేలోగా పాఠం అయిపోతుంది.

“వదినా, ఈ రోజుల్లో చదివేవాళ్ళెవరు చెప్పండి? అందరూ చూసేవాళ్ళే. మీరింకా అచ్చాఫీసులోనే ఉండిపోయారు” అనేవాడు.

“నీ వీడియో మూడుసార్లు చూశాను మరిదీ. నీ గెడ్డం బాగా కనిపించింది. బటనే కనబళ్ళేదు” అనేది ఆవిడ.

ఆ మరిదికి ఒక పెద్ద లోటుంది, దాని ముందు ఈ సరదా ఎంతో సేపు నిలిచేది కాదు. అతని భార్య, అంటే ప్రూఫులావిడ చెల్లెలు, నర్సు. మూడేళ్ళ క్రితం ఆమెను ఆరు గంటల బస్సు ప్రయాణం దూరంలో, కొండ మీది చిన్న ఆసుపత్రిలో వేశారు. నెలకు రెండు ఆదివారాలు భార్యాభర్తలు ఒకచోట ఉంటారు. మిగతా కాపురమంతా ఫోన్లోనే. బదిలీలు మూడేళ్ళకోసారి. ఇప్పుడు దరఖాస్తు పెట్టుకోకపోతే మళ్ళీ మూడేళ్ళు ఆ కొండే గతి.

ఈసారి బదిలీల దరఖాస్తు కాగితం మీద కాదన్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆఖరు. ఒక్కొక్కరికి మూడే ప్రయత్నాలు, ఆ తర్వాత ఖాతా మూసుకుపోతుంది.

పైగా దాన్ని తెలుగులోనే పెట్టారు. అక్కడే వచ్చింది తంటా.

సోమవారం చెల్లెలు ఫోన్ చేసి పకపకా నవ్వింది. “అక్కా, ఇందులో ‘వీపు’ అని ఒక బటనుందే! నొక్కాలా, గోకాలా?”

ప్రూఫులావిడ బొమ్మలు పంపమంది. చెల్లెలు ఒక్కో పేజీ నింపుతూ స్క్రీన్‌షాట్లు పంపింది. వాటిని చూసి ఆవిడ ముక్కున వేలేసుకుంది. బ్యాక్‌ను ‘వీపు’ అన్నారు. క్లోజ్‌ను ‘దగ్గర’ అన్నారు. సేవ్‌ను ‘కాపాడు’ అన్నారు, ఎవర్ని కాపాడాలో చెప్పలేదు. ఇంగ్లీషు మాటల జాబితా ఎవరో ఎవరికో ఇచ్చి ఉంటారు, వాళ్ళు ఆ మాట ఎక్కడ వస్తుందో చూడకుండా తోచిన అర్థం రాసి పారేసి ఉంటారు. ఆవిడ పళ్ళు నూరుకుంటూనే పాఠం తయారుచేసింది. ‘వీపు అని ఉన్నచోట వెనక్కి అనుకోండి, కంగారుపడకండి’ అని రాసింది.

పది మెట్లు అయ్యాయి. పదకొండోది ఆఖరి పేజీ. పైన ‘ఈ వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనే వాక్యం. కింద పక్కపక్కనే రెండు బటన్లు. ఒకటి ‘స్పష్టం చేయి’. రెండోది ‘లొంగిపోండి’.

ఆ బొమ్మ పంపిన మరుక్షణమే చెల్లెల్ని కాన్పు గదికి పిలిచారు. ఏ బటనూ నొక్కకుండానే వెళ్ళిపోయింది. ఆ రాత్రంతా ఫోన్ ఎత్తలేదు. ఇక్కడ మంగళవారం తెల్లవారగానే పాఠం పెట్టాలని ప్రూఫులావిడ తొందర. అప్పటికే సైటులో ఎందరో నర్సులు ‘మా బదిలీ ఫారం పాఠం ఎప్పుడు?’ అని అడుగుతున్నారు.

ఆవిడ ఆ రెండు మాటల్నీ చూసింది. ధ్రువీకరిస్తున్నాను అన్న వాక్యం కింద ‘స్పష్టం చేయి’ చక్కగా అతికింది. మాట శుభ్రంగా ఉంది, ఒత్తులు సరిగ్గా ఉన్నాయి. ‘లొంగిపోండి’ మాత్రం, బదిలీ వద్దనుకున్నవాళ్ళు చేతులెత్తేయడానికి పెట్టిన బటన్ కాబోలనుకుంది. అన్ని తప్పుల మధ్య ఒక్క మాట ఒప్పులా కనబడేసరికి ఇరవై నాలుగేళ్ళ కళ్ళు దాన్ని నమ్మేశాయి. ‘స్పష్టం చేయి’ మీద ఎర్ర బాణం గీసి, పదకొండు అని అంకె వేసి, పాఠం పెట్టేసింది. చేసి చూడనిది రాయడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

మంగళవారమంతా పాఠం చూసినవాళ్ళ సంఖ్య పెరుగుతూనే ఉంది. ఆవిడ మధ్యాహ్నం పడుకోకుండా ఆ అంకెనే చూస్తూ కూర్చుంది. భర్త భోజనానికొచ్చి, “ఏమోయ్, క్రికెట్టు స్కోరా?” అని అడిగాడు.

బుధవారం పొద్దున మొదటి వ్యాఖ్య వచ్చింది. ‘అమ్మా, మీరు చెప్పినట్టే చేశాను. పదకొండో మెట్టు నొక్కగానే ఫారమంతా ఖాళీ అయిపోయింది. నేనెక్కడ తప్పు చేశానో చెప్పగలరా?’

దాని కింద మరొకటి, ఇంకొకటి. తొమ్మిది మంది రాశారు. ఒక్కరు కూడా ఆవిణ్ణి తిట్టలేదు. అందరూ తాము ఎక్కడ పొరపాటు పడ్డామోనని అడిగారు. తిట్టి ఉంటే బావుండునని ఆవిడకు అనిపించింది.

పదకొండింటికి చెల్లెలు ఫోన్ చేసింది. గొంతులో నవ్వు లేదు.

“అక్కా, మూడుసార్లు నింపాను. మూడుసార్లూ పోయింది. ఇప్పుడు ఖాతా మూసేశామని వస్తోంది.”

“మొదటిసారి పోయినప్పుడే ఆగాల్సింది కదే!”

“నువ్వు బాణం గీశావుగా. నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను.”

ఆ మాటతో ప్రూఫులావిడకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ పెట్టేశాక అలాగే కుర్చీలో కూలబడింది. ఎదురుగా తెర మీద తను గీసిన ఎర్ర బాణం. ఎంత నిటారుగా, ఎంత ధీమాగా ఉందో!

కాసేపటికి మరిది పరుగెత్తుకొచ్చాడు. దుకాణం తలుపు సగం దించి వచ్చాడట. మొహం కందగడ్డలా ఉంది. ఏదో గట్టిగా అనబోయి, ఆవిడ మొహం చూసి తగ్గాడు.

“ఆ పాఠం తీసేయండి వదినా. ముందు తీసేయండి. ఇంకెవరూ చూడకుండా.”

“తీసేస్తే పోదు మరిదీ. అచ్చుతీసి ఆసుపత్రి గోడలకు అతికించుకున్నారట. తొమ్మిది మందిలో నలుగురు అదే రాశారు. నేను తీసేస్తే గోడ మీది తప్పు గోడ మీదే ఉంటుంది.”

“మరేం చేద్దామంటారు?”

ప్రెస్సులో పుస్తకం అచ్చయిపోయాక తప్పు దొరికితే ఏం చేసేవాళ్ళో ఆవిడకు గుర్తొచ్చింది. పుస్తకాన్ని దాచరు. తప్పొప్పుల పట్టిక అచ్చేసి మొదటి పేజీలో పెడతారు. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, పాఠానికి అన్నిటికంటే పైన, పెద్ద ఎర్ర అక్షరాల్లో రాసింది: ‘తప్పొప్పుల పట్టిక. పదకొండో మెట్టు తప్పు. స్పష్టం చేయి నొక్కకండి. అది మీరు రాసినదంతా చెరిపేస్తుంది. నేను చేసి చూడకుండా రాశాను. తప్పు నాది, మీది కాదు. గోడ మీద కాగితం ఉంటే ఇప్పుడే పెన్నుతో కొట్టేయండి. సరైన మెట్టు చేసి చూసి ఈ రోజే చెబుతాను.’

మరిది దాన్ని రెండుసార్లు చదివాడు. “ఇలా ఎవరూ రాసుకోరు వదినా” అన్నాడు మెల్లగా.

“అందుకే తప్పులు అలాగే ఉండిపోతాయి.”

వ్యాఖ్యల్లో ఒకటి ఆవిడను పట్టి లాగింది. తమ ఊరి పెద్దాసుపత్రిలో ఒక పెద్ద నర్సు రాసింది. ‘నాకు రెండుసార్లు పోయింది. ఒక్క ప్రయత్నమే మిగిలింది. ఫారం నింపి, ఏదీ నొక్కకుండా తెర అలాగే ఉంచాను. ఎటు నొక్కను?’ ఆవిడ ‘ఏదీ ముట్టుకోకండి, వస్తున్నాను’ అని జవాబిచ్చి బస్సెక్కింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటల్నే నెమరేసుకుంది. వీపంటే బ్యాక్. దగ్గరంటే క్లోజ్. కాపాడంటే సేవ్. అదే లెక్కన తెలుగు మాట నుంచి వెనక్కి ఇంగ్లీషుకు వెళితే, స్పష్టం అంటే... క్లియర్! ఆవిడ అప్రయత్నంగా నుదురు కొట్టుకుంది. క్లియర్ అంటే తేటగా ఉండటమూ, తుడిచేయడమూ కూడా. మరి లొంగిపోవడం? పాఠశాల రోజుల నిఘంటువు కళ్ళముందు తిరిగింది. సబ్మిట్! సమర్పించమని చెప్పాల్సిన చోట చేతులు పైకెత్తమన్నారు. “ఓరి మీ తెలుగు తగలెయ్య!” అని పైకే అనేసింది. పక్క సీటులో పెద్దాయన కాస్త అవతలికి జరిగి కూర్చున్నాడు.

నర్సుల గదిలో గోడ మీద డ్యూటీల పట్టిక పక్కన, కట్టు కట్టే తెల్ల టేపుతో అతికించిన తన పాఠమే ఆవిణ్ణి పలకరించింది. ముందు దాని దగ్గరికే వెళ్ళి, సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, పదకొండో బాణాన్ని అడ్డంగా కొట్టేసింది. తర్వాతే తనెవరో చెప్పింది.

పెద్ద నర్సు కుర్చీ జరిపి, “మీరే నొక్కండమ్మా. ఇది నా వల్ల కాదు. నలభైమందికి వరసగా ఇంజెక్షన్లివ్వమంటే ఇస్తాను గానీ” అంది.

“వద్దమ్మా. దరఖాస్తు మీది, వేలూ మీదే. ఈసారి తెలిసినట్టు చెప్పను. లొంగిపోండి అన్నదే పంపించే బటనని నా నమ్మకం. కానీ చూడలేదు. ముందు పైనున్న ‘కాపాడు’ నొక్కండి, రాసింది దాచుకుంటుంది. ఆ తర్వాత మీకు మనసొప్పితేనే రెండోది.”

గదిలో ఉన్న అయిదుగురు నర్సులూ కుర్చీ వెనక చేరారు. పెద్ద నర్సు ‘కాపాడు’ నొక్కింది. ‘చిత్తుప్రతి భద్రం’ అని వచ్చింది. అందరూ ఊపిరి వదిలారు. ఆమె ఒకసారి ప్రూఫులావిడ వైపు చూసింది.

“నా కళ్ళముందే ఒప్పుకున్నారు తెలీదని. అందుకే నమ్ముతున్నా. పదండి, లొంగిపోదాం” అని నొక్కేసింది.

తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరిగింది. ఇంకా తిరిగింది. ఆ తర్వాత ఆకుపచ్చ టిక్కు, దాని కింద ‘మీ దరఖాస్తు అందింది’, ఆ కింద పన్నెండంకెల రసీదు సంఖ్య వచ్చాయి. గదిలో ఒక్కసారిగా కేకలు. పక్క వార్డు డాక్టరు తలుపు తోసుకొచ్చి, “ఎవరికేమైంది?” అని కంగారుగా అడిగాడు.

“లొంగిపోయానండీ!” అంది పెద్ద నర్సు ఆనందంగా. ఆయన నోరెళ్ళబెట్టాడు.

ప్రూఫులావిడ ఆ ఆకుపచ్చ టిక్కును స్క్రీన్‌షాట్ తీసింది. నాలుగింటికల్లా అక్కడే, ఆ నర్సుల బల్ల దగ్గరే కూర్చుని పాఠాన్ని సరిచేసి పెట్టింది.

ఇక మిగిలింది మూసుకుపోయిన ఖాతాలు. చెల్లెలిది అందులో ఒకటి. గురువారం పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఆవిడ సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయ నంబరుకు ఫోన్ చేస్తూనే ఉంది. పదింటికి ఒక కుర్ర ఇంజనీరు ఎత్తాడు. అతనికి ఈ ఫిర్యాదు వినీ వినీ విసుగొచ్చినట్టుంది.

“మేడమ్, ప్రాబ్లమ్ సాఫ్ట్‌వేర్‌లో లేదు. వాళ్ళు సరిగ్గా చదవకుండా నొక్కేస్తున్నారు.”

“బాబూ, చదివారు కాబట్టే నొక్కారు. చదవనివాళ్ళు బతికిపోయారు.”

“అంటే?”

“ఆ బటన్ మీద ఏముందో నువ్వు తెలుగులో చదువు. పైకి చదువు.”

“స్పష్టం చేయి.”

“అది నొక్కితే ఏమవుతుందని మీ అమ్మగారిని అడుగు. అంతా తుడిచిపెట్టుకుపోతుందని ఆవిడ అంటే నేను ఫోన్ పెట్టేస్తాను.”

అవతల కీబోర్డు టకటక వినిపించింది. “మేడమ్, మొత్తం మూడు వందల పన్నెండు ఖాతాలు మూసుకుపోయాయి. అన్నీ ఆ బటన్ వల్లే. సగం సోమవారమే పోయాయి.”

సోమవారమంటే తన పాఠం పెట్టకముందే. తన బాణం లేకుండానే నూట యాభై మంది ఆ గోతిలో పడ్డారు. ఆవిడకు కాస్త బరువు తగ్గింది గానీ, మిగతా సగం బరువు అలాగే ఉంది. దాన్ని దించుకోవాలనీ అనుకోలేదు. “నేనొక కాగితం పంపుతాను. నీ పైవాళ్ళకు చూపించు” అని మాత్రం అంది.

ఆ కాగితం ఆవిడ జీవితంలో దిద్దిన అతి పొడుగు ప్రూఫు. సాఫ్ట్‌వేర్ పేజీలన్నీ వరసగా పెట్టి, పందొమ్మిది మాటల మీద ఎర్ర పెన్ను ఆడించింది. వీపు కొట్టేసి ‘వెనక్కి’. దగ్గర కొట్టేసి ‘మూసేయి’. లొంగిపోండి కొట్టేసి ‘పంపించు’. స్పష్టం చేయి కొట్టేసి ‘అంతా తుడిచేయి’. ఆ చివరిదాని పక్కన మూడు వందల పన్నెండు అని పెద్ద అంకె వేసి, చుట్టూ సున్నా చుట్టింది. మరిది పక్కనే కూర్చుని బొమ్మలు వరసలో పెట్టాడు. ఆ రోజు సంగీతం ఊసెత్తలేదు.

గురువారం సాయంత్రం అయిదున్నరకు ఇంజనీరే ఫోన్ చేశాడు. “మేడమ్, మూడు వందల పన్నెండూ తెరిచాం. మాటలు మార్చడానికి మాత్రం మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా మీ పాఠం లింకును మా మొదటి పేజీలో పెట్టుకోవచ్చా? మా సారు అడగమన్నారు.”

“తప్పొప్పుల పట్టికతో సహా అయితే పెట్టుకోండి” అంది ఆవిడ.

శుక్రవారం ఇల్లు ఇల్లులా లేదు. భర్త సెలవు పెట్టాడు, ఆ చీటీ కూడా ఫ్రిజ్ పక్కన కాగితం చూసే పంపాడు. మరిది దుకాణం తెరవనే లేదు. కొండ మీద పొద్దున్నుంచీ నెట్ వస్తూ పోతూ ఉంది. రెండైంది. మూడైంది. మరిది గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతున్నాడు. ప్రూఫులావిడ “కూర్చో మరిదీ, నా కళ్ళు తిరుగుతున్నాయి” అని, తనే లేచి తిరగడం మొదలుపెట్టింది.

మూడూ నలభైకి ఫోన్ మోగింది. స్పీకరు పెట్టారు.

“అక్కా! లొంగిపోయానే! లొంగిపోయాను!” చెల్లెలి అరుపుకు ఫోన్ బల్ల మీద అదిరింది. “రసీదు వచ్చేసింది!”

“గెలిచావే పిచ్చిదానా!” అని అరిచి ప్రూఫులావిడ ఏడ్చేసింది. మరిది ఎవరికీ కనబడకుండా అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు, అందరికీ కనబడింది.

ఇక సైటులో వ్యాఖ్యలకు పట్టపగ్గాల్లేవు. ‘మా వార్డులో తొమ్మిదిమందిమీ లొంగిపోయాం’. ‘కాన్పుల విభాగం మొత్తం లొంగిపోయింది’. ‘నా భార్య లొంగిపోయింది, పెళ్ళయిన పదేళ్ళలో ఇదే మొదటిసారి’ అని ఒక భర్త. అయిదింటికి ఇంజనీరు ఒక్క ముక్క రాశాడు: ‘తెరిచిన మూడు వందల పన్నెండు ఖాతాల నుంచి మూడు వందల పన్నెండు దరఖాస్తులూ అందాయి.’ ఆ అంకెను ఆవిడ పైకి మూడుసార్లు చదివింది. భర్త ఈసారి స్కోరెంత అని అడగలేదు, తనే మెడ చాచి చూసి ఈల వేశాడు.

నెల తిరక్కుండా బదిలీల జాబితా వచ్చింది. చెల్లెలికి తమ ఊరి పెద్దాసుపత్రే దొరికింది. రెండు పెట్టెలతో బస్సు దిగి, ముందు అక్క ఇంటికే వచ్చింది. కొత్త చోట చేరినట్టు అదే సాఫ్ట్‌వేర్‌లో మరో ఫారం నింపాలి. అక్కాచెల్లెళ్ళిద్దరూ భుజాలు రాసుకుంటూ తెర ముందు కూర్చున్నారు. వెనక మరిది నిలబడ్డాడు.

పేజీ తెరుచుకుంది. పైన ‘వెనక్కి’. పక్కన ‘మూసేయి’. మాటలన్నీ ఆవిడవే, ఆవిడ రాసినట్టే, ఒక్క ఒత్తు కూడా తేడా లేకుండా.

“అయ్యో వదినా, మీ బొమ్మలన్నీ పాతబడిపోయాయి. మళ్ళీ మొదట్నుంచీ తీసుకోవాలి” అన్నాడు మరిది.

“తీస్తాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ తీయలేదు” అందావిడ. ఆ తర్వాత, “ఆ తప్పొప్పుల పట్టిక మాత్రం ఉంచుతాను. పాఠం అడుగున” అంది.

“నా తర్వాతి వీడియోకి ముందు మీరోసారి ప్రూఫు చూస్తారా?”

“సంగీతం కూడా దిద్దుతాను మరి.”

ఒక్కో మెట్టూ చెల్లెలు చేస్తుంటే ఆవిడ బొమ్మ తీసింది, బాణం గీసింది, అంకె వేసింది. ఆఖరి పేజీ వచ్చింది. కింద రెండే బటన్లు: ‘అంతా తుడిచేయి’, ‘పంపించు’. బాణం గీయడానికి ఆవిడ చెయ్యి అలవాటుగా లేచింది. ఆలోగానే చెల్లెలు ఎవర్నీ అడక్కుండా, పక్కకైనా చూడకుండా, ‘పంపించు’ నొక్కేసింది.

ప్రూఫులావిడ చెయ్యి దించేసింది. ఆ మెట్టుకు బాణం గీయలేదు.